రుచి చూడని పద్నాలుగేళ్ళు

వైన్ తయారుచేసే చోట నేను పద్నాలుగేళ్ళు పనిచేశాను. అన్నేళ్ళలో ఒక్క చుక్క నోట్లో పెట్టలేదు. ఆ సంగతి గొప్పగా చెప్పుకునేదాన్ని. ఎవరితోనో కాదులెండి, నాతో నేనే. చర్చిలో అడిగినవాళ్ళకి మాత్రం "ఫుడ్ టెస్టింగ్ ల్యాబ్‌లో చేస్తున్నానండీ" అనేదాన్ని. అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. ఒక ఆదివారం ప్రభువు బల్లకి, రొట్టెతోపాటు అందరికీ పంచే ద్రాక్షరసం తెచ్చే వంతు నాకొచ్చింది. వారమంతా ద్రాక్షరసంలో మోచేతులదాకా మునిగి, శనివారం స్టోర్‌కెళ్ళి మళ్ళీ అదే రసం సీసాలో కొంటుంటే నాకే నవ్వొచ్చింది.

మా నాన్న సారా తాగి తాగి పోయాడు. పోయిన నెలకి అమ్మ నన్ను మా నరసాపురం చర్చికి తీసుకెళ్ళి, బైబిల్ మీద చెయ్యి పెట్టించింది. నాకప్పుడు పదహారేళ్ళు. "నీ నాలుక మీద ఒక్క చుక్క కూడా పడకూడదు" అంది. పడదు అన్నాను. వేరేవాళ్ళ నాలుక గురించి ఆవిడ అడగలేదు. అడిగుంటే ఈ ఉద్యోగం చేసేదాన్ని కాదు.

పెళ్ళై అమెరికా వచ్చాక నా కెమిస్ట్రీ ఎమ్మెస్సీని బీరువాలో పెట్టుకుని నాలుగేళ్ళు ఇంట్లో కూర్చున్నాను. మా ఆయనకి ఫ్రీమాంట్‌లో ఆఫీసు, ఇల్లు ట్రేసీలో. వర్క్ పర్మిట్ రాగానే దొరికిన మొదటి ఉద్యోగం ఇది. లోడై ఊరు దాటి తూర్పుకి వెళ్తే కొండలు మొదలయ్యేచోట ఒక చిన్న వైనరీ, దానికో ముసలి యజమాని. ఆయన తాత పోర్చుగల్ నుంచి వచ్చి నాటిన ద్రాక్షతోట అది. ఇంటర్వ్యూలోనే చెప్పేశాను, నేను తాగను, రుచి కూడా చూడనని. పెద్దాయన పెద్దగా నవ్వాడు. "ఇంతకుముందు చేసినవాడు శాంపిల్స్ అన్నీ తాగేసేవాడు. నువ్వే నయం. నంబర్లు నీవి, నాలుక నాది." ఆయన మాట్లాడింది ఇంగ్లీషులోనే. నాకు మాత్రం ఆయన మాటలన్నీ తెలుగులోనే గుర్తున్నాయి.

మేము చేసేది మామూలు వైన్ కాదు. ద్రాక్షరసం పులుస్తుంటే అందులో తీపి తగ్గుతూ మత్తు పెరుగుతూ ఉంటుంది. మామూలు వైన్ అయితే తీపంతా అయిపోయేదాకా వదిలేస్తారు. మేము మధ్యలో ఆపేస్తాం. ద్రాక్ష నుంచే తీసిన ఘాటు స్పిరిట్, అంటే నా లెక్కలో సారాయే, ట్యాంకులో పోస్తాం. దాంతో రసాన్ని పులియబెట్టే ఈస్ట్ చచ్చి, మిగిలిన తీపి అక్కడే నిలిచిపోతుంది. ఎప్పుడు పోయాలన్నదే మొత్తం విద్య. ముందు పోస్తే పానకం అవుతుంది, ఆలస్యమైతే తీపి మిగలక చేదెక్కుతుంది. ఒకసారి పోశాక వెనక్కి తీసేది లేదు. నేను గాజు హైడ్రోమీటర్‌ని రసంలో తేలేసి, ఇంకా తీపి ఎంతుందో అంకె చెప్పేదాన్ని. పెద్దాయన ట్యాంకులోంచి గుప్పెడు తొక్కలు తీసి నమిలి, ఉమ్మి, "ఇంకో రెండు గంటలు" అనేవాడు. నా అంకె ఏం చెప్పినా ఆయన రెండు గంటలే ఖాయం. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తర్వాత్తర్వాత, సీసాలు అమ్ముడైపోతుంటే, నోరు మూసుకున్నాను.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, వరసగా వానల్లేని మూడో ఏడాది వచ్చింది. చలికాలంలో నేల పైపైన తడిసిందంతే. మే నెలకే బోరు గాలి పీల్చడం మొదలుపెట్టింది. పెద్దాయన రెండు మడులు పీకించేసి, ఉన్న కాసిని నీళ్ళూ తాత నాటిన పాత మడికే పెట్టాడు. ఆ మడిలో తీగలు పందిరెక్కవు. పొట్టి మోళ్ళలా నేలమీదే నిలబడి ఉంటాయి. వందేళ్ళు దాటినవి. ఆ భూమి కొంటానని ఒకాయన ఏడాదిగా తిరుగుతున్నాడు. అక్టోబర్ ఆఖరుకల్లా ఏ సంగతీ చెప్పమన్నాడు. పెద్దాయన నాతో అన్నాడు, "ఈ ఏడు ట్యాంకు నిలబడితే బోరు ఇంకా లోతుకి దింపిస్తా, ఈ మడి బతుకుతుంది. లేదంటే సంతకం పెట్టేస్తా. వాడు వీటిని పీకేస్తాడు." ఆ ఏడాది మాకున్నది ఒకే ఒక్క ట్యాంకు. నా ఉద్యోగం కూడా అందులోనే ఉందని ఆయన అనలేదు, నేనూ అడగలేదు.

ద్రాక్షకి ఎండ మంచిదని అందరూ అంటారు. కొంతవరకే మంచిది. ఆగస్టులో ఇక్కడి లెక్కలో నూట పన్నెండు డిగ్రీలు, మన లెక్కలో నలభై నాలుగు పైనే, వారంపాటు రోజూ అంతే. అంత ఎండలో ఆకు తన రంధ్రాలు మూసేసుకుని పని మానేస్తుంది. పండు పండటం ఆగిపోతుంది, కానీ పండులో నీళ్ళు మాత్రం ఆవిరైపోతూనే ఉంటాయి. నీళ్ళు పోయేకొద్దీ మిగిలింది చిక్కబడుతుంది. నా హైడ్రోమీటర్‌లో తీపి అంకె రోజురోజుకీ ఎక్కుతోంది. అంకె చూసి పండిందనుకుంటే మోసపోయినట్టే. ద్రాక్షపండు తినడానికి నాకే ఒట్టూ లేదు కాబట్టి కొరికి చూశాను. గింజ ఇంకా పచ్చిగా ఉంది. తీపి వచ్చింది, పండలేదు. పులుపేమో ఎండకి సగం హరించుకుపోయింది. గుత్తిలో పడమటి ఎండ తగిలిన వైపంతా పండ్లు చెట్టుమీదే కిస్మిస్ అయిపోయాయి. ఆకుల అంచులు నలిపితే పొడి అవుతున్నాయి. పొద్దున్నే తోటలోకి వెళ్తే ఏడుపొచ్చేది. ఆ ఏడుపు పైకి రాకుండా ఎవరిమీదో ఒకరిమీద విసుక్కునేదాన్ని, ఎక్కువసార్లు మా ఆయన మీద.

కోత తెల్లవారుజామున మొదలై తొమ్మిదికల్లా అయిపోయింది. పెద్దాయన ఒక గుత్తి తుంపి నోట్లో వేసుకుని, నమిలి, గింజలు ఉమ్మి, నావైపు తిరిగి "నంబరెంత?" అన్నాడు. పద్నాలుగేళ్ళలో ఆయన ముందుగా నన్ను నంబరు అడగడం అదే మొదటిసారి. ముసలితనం కాబోలనుకున్నాను.

ఆ మధ్యాహ్నం తెలిసింది. కోత రోజుల్లో ఆయనకి భోజనం నేనే పట్టుకెళ్తాను. ఆయనకి నా టమాటా పచ్చడి అంటే ప్రాణం. ఆ రోజు హడావిడిలో ఉప్పు రెండుసార్లు వేశానని ఒక ముద్ద నోట్లో పెట్టుకోగానే తెలిసింది. మింగలేక వెళ్ళి ఉమ్మొచ్చాను. వచ్చి చూసేసరికి ఆయన పళ్ళెం ఖాళీ. వేలితో అంచు కూడా తుడుచుకుని తింటున్నాడు.

"ఎప్పట్లాగే బాగుంది," అన్నాడు.

"అందులో ఉప్పు ఎంతుందో తెలుసా మీకు?"

ఆయన వేలు ఆగిపోయింది. పళ్ళెం పక్కన పెట్టి చెప్పాడు. ఏప్రిల్‌లో జ్వరం వచ్చి తగ్గిందట. దాంతోపాటే రుచీ వాసనా పోయాయట. ఈ రోజుకీ తిరిగి రాలేదు. పోర్ట్‌లాండ్‌లో ఉన్న కూతురికి చెప్పలేదు, డాక్టర్‌కీ చెప్పలేదు.

"నాలుక లేనివాడి దగ్గర వైన్ ఎవడు కొంటాడు?" అన్నాడు. నాకు కోపం వచ్చింది, జాలీ వేసింది.

పక్క కొండమీద ఇంకో వైనరీ ఉంది. దాని యజమానిని రుచి చూడటానికి పిలుద్దామని ఫోన్ తీస్తే పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. వాడికి తెలిస్తే సాయంత్రానికి కౌంటీ అంతా తెలుస్తుందన్నాడు. "నీ నంబర్లున్నాయిగా, చాలు." పద్నాలుగేళ్ళూ నేను వినాలనుకున్న మాట అది. వినగానే భయం వేసింది.

భయం ఎందుకంటే, ఆ ఏడాది నంబర్లని నమ్మడానికి లేదు. ఎండిపోయిన పండు పైకి తోలులా ఉంటుంది, లోపలంతా పాకం. రసంలో నానుతూ ఆ పాకాన్ని మెల్లగా వదులుతుంది. హైడ్రోమీటర్‌కి రసమే తెలుసు, కిస్మిస్ లోపల దాక్కున్నది తెలియదు. అది చూపించే అంకెని పట్టుకుని స్పిరిట్ పోస్తే, ఆ తర్వాత లోపలి తీపంతా బయటికొచ్చి ట్యాంకు పానకం అయిపోతుంది. పోనీ ఆగుదామంటే, ఆ వేడికి పులియడం పరుగుమీద ఉంది. ట్యాంకుని చల్లబరిచే యంత్రం ఒకటే వగరుస్తోంది. ట్యాంకు ఇంకా వేడెక్కిందంటే ఈస్ట్ తనంతట తనే చచ్చి, మొత్తం వెనిగర్ దారి పడుతుంది.

మూడోరోజు పొద్దున పదింటికి కరెంటు పోయింది. గాలి ఎక్కువగా ఉంది, కరెంటు తీగలు తెగితే కొండల్లో మంటలు లేస్తాయని కంపెనీవాళ్ళే తీసేశారు. ఎప్పుడిస్తారో చెప్పలేదు. ఉన్న చిన్న జెనరేటర్ పంపుకే సరిపోయింది. యంత్రం ఆగింది. నేను గంటగంటకీ అంకె రాస్తున్నాను. పదకొండింటికి పద్దెనిమిది, పన్నెండింటికి పదహారు, ఒంటిగంటకి పదమూడు. తొమ్మిది దగ్గర స్పిరిట్ పోయడం మా అలవాటు. ట్యాంకు గోడమీద చెయ్యి పెడితే జ్వరం వచ్చిన పిల్లాడి నుదురులా ఉంది.

ల్యాబ్‌లో చేయగలిగిందంతా చేశాను. ట్యాంకులో మూడు చోట్లనుంచి గుప్పిళ్ళు తీసి, రోట్లో నూరినట్టు చేత్తో నలిపి, ఆ ముద్దలో హైడ్రోమీటర్ పెట్టాను. బురదలో కర్రలా నిలబడింది, కదల్లేదు. వడకట్టి మళ్ళీ చూస్తే మూడు గుప్పిళ్ళకీ మూడు అంకెలు, ఒకదానికొకటి పొంతన లేదు. ఒక గుప్పిట్లో ఎండకాచిన పండ్లు, ఒక గుప్పిట్లో నీడన పెరిగినవి, అంతే. నా చదువు అక్కడితో అయిపోయింది.

బయటికొచ్చేసరికి పెద్దాయన ట్యాంకు అంచున నిలబడి పిడికెడు తొక్కలు నోట్లో కుక్కుకుని నములుతున్నాడు. గడ్డం మీదుగా ఎర్రటి రసం కారుతోంది. "వెచ్చగా ఉంది. తడిగా ఉంది. అంతకంటే నాకేం తెలియట్లేదు," అని ఏడ్చాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి నా ముందు అలా ఏడవడం చూడలేకపోయాను. ఆయన నన్ను రుచి చూడమని అడగలేదు. అడిగుంటే కోపం తెచ్చుకుని కాదనేదాన్నేమో. అడగకపోవడంతోనే చచ్చాను.

నీడకి వెళ్ళి మా ఆయనకి ఫోన్ చేశాను.

"మీటింగ్‌లో ఉన్నా, మ్యూట్‌లో పెట్టాను, తొందరగా చెప్పు."

"ఏమండీ, నేను టేస్ట్ చేయాల్సి వచ్చేట్టుంది."

"దేన్ని?"

"వైన్‌నండీ. ఇంకా అవ్వలేదు, పులుస్తోంది. ఆయనకి టేస్ట్ పోయింది. ఎవరో ఒకరు చూడకపోతే ట్యాంకు మొత్తం వేస్ట్ అయిపోద్ది."

"నోట్లో పెట్టుకుని ఉమ్మేసెయ్. అది డ్రింక్ చేసినట్టు కాదుగా."

"నాలుక మీద పడకూడదు అన్నానండీ అమ్మతో. మింగకూడదు అన్లేదు."

"అత్తయ్యగారు పోయి ఆరేళ్ళయింది కదే."

"అందుకే కదండీ! ఉంటే ఫోన్ చేసి అడిగేదాన్ని. తిట్టినా తిట్టించుకునేదాన్ని."

ఆయన నిట్టూర్చాడు. "నీ ఇష్టం. నేనేం అనుకోను," అన్నాడు. ఆయన అనుకోకపోవడం నాకేం అక్కరకొస్తుంది? ఫోన్ పెట్టేసి కళ్ళు మూసుకుని ప్రార్థన చేద్దామనుకున్నాను. 'ప్రభువా' అన్న మాట తప్ప ఇంకేమీ రాలేదు.

అంకె పదకొండుకి దిగింది. మెట్లెక్కి ట్యాంకులో చెయ్యి పెట్టి గుప్పెడు తీశాను. తొక్కలు, కిస్మిస్‌లు, రసం అన్నీ కలిపి నోట్లో పెట్టుకున్నాను.

ముందు తెలిసింది రుచి కాదు, మా నాన్న. ఆయన దగ్గరికొచ్చి వంగితే కొట్టే ఆవిరి అది. దాన్ని వాసనగా పద్నాలుగేళ్ళు రోజూ భరించాను, ముక్కు దాటి రానివ్వలేదు. ఇప్పుడది నా నోట్లోంచే వస్తోంది. మమ్మల్ని వదిలేసి నాన్న ఎంచుకున్నది దీన్నేనా అనిపించింది. అయినా నమిలాను. కిస్మిస్‌ని వెతికి పంటికింద పెట్టి చీల్చాను. తీపి చిమ్మింది. వేడి, తీపి, వగరు, ఏది ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతోందో నాకు అర్థం కాలేదు. ఉమ్మేశాను.

పెద్దాయన కింద నిలబడి నా మొహమే చూస్తున్నాడు. "లోపల ఇంకా తీపి ఉందా?"

"ఉంది."

"ఎంత?"

"ఉంది. బాగానే ఉంది."

"పోయినేడాది పోసేముందు ఉన్నదానికంటే ఎక్కువా?"

నేను ఆయన వైపు చూశాను. "పోయినేడాదిది నేను రుచి చూడలేదు కదా."

నేను ఒట్టు తీసి గట్టున పెట్టాను, అయినా చేతికి ఏమీ రాలేదు. నాలుకంటే నోట్లో ఉండే కండ అనుకున్నాను ఇన్నాళ్ళూ. అది ఏటేటా కూడబెట్టుకునేదని, ఒక్క మధ్యాహ్నంలో పుట్టుకురాదని ఆ మెట్లమీద నిలబడి తెలుసుకున్నాను. పద్నాలుగు కోతలు నా కళ్ళముందు నుంచే పోయాయి. ఏడాదికి ఒక్క గుప్పెడు నమిలి ఉమ్మి ఉన్నా ఈ రోజు ఆయనకి జవాబు చెప్పేదాన్ని. నా శుభ్రతని చూసుకుని మురిసిపోతూ కూర్చున్నాను.

మూడింటికి అంకె తొమ్మిది చూపించింది. ట్యాంకు ఇంకా వేడెక్కుతోంది, వెనిగర్ వాసన లేశమాత్రం తగిలినట్టు నా ముక్కుకి అనిపించింది. నిజంగా తగిలిందో, భయానికి తగిలిందో ఇప్పటికీ చెప్పలేను. "పోసేద్దామా?" అన్నాను. "నువ్వేమంటే అదే," అన్నాడు. పోసేద్దాం అన్నది నేనే. జెనరేటర్ పంపుతో స్పిరిట్ మొత్తం దింపేశాం. బుడగలు తగ్గి, తగ్గి, ఆగిపోయాయి. ఆ సాయంత్రం ఆరింటికి కరెంటు వచ్చింది.

మూడు వారాల్లో సంగతి బయటపడింది. కిస్మిస్‌లు దాచుకున్నదంతా మెల్లగా వదిలేశాయి. నేను వారం వారం చూస్తుంటే అంకె ఎక్కుతూనే పోయింది. వైన్ కాదది, ముదిరిన పాకం. పులుపు ముందే పోయింది కాబట్టి తీపిని నిలబెట్టేది అందులో ఏమీ లేదు. తీపి తక్కువున్న వైన్ ఇంకో ట్యాంకులో ఉంటే కలిపి సర్దేవాళ్ళం. ఇంకో ట్యాంకు లేదు. మా దగ్గర ఏటా వైన్ కొనే ఆవిడ వచ్చి ఒక గుక్క తీసుకుని, మర్యాదగా గ్లాసు పక్కన పెట్టి, ఈ ఏడాది అందరికీ కష్టంగానే ఉందండీ అని వెళ్ళిపోయింది. అక్టోబర్ ఆఖరి శుక్రవారం పెద్దాయన సంతకం పెట్టాడు. ఆ ఆదివారం చర్చిలో నేను ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళలేదు. ఒంట్లో బాలేదా సిస్టర్ అని పాస్టరుగారి భార్య అడిగితే అవునన్నాను.

నవంబర్‌లో యంత్రాలొచ్చాయి. రోజుకిన్ని వరసలని పీకుతున్నారు. మొదటిరోజు నేను చూడలేక ల్యాబ్ తలుపేసుకున్నాను. పెద్దాయన తలుపు తోసుకుని ఒక పెట్టె మోసుకొచ్చి బల్లమీద సీసాలు పేర్చాడు. నేను చేరిన ఏడాది నుంచి ఏడాదికొకటి. "కూర్చో," అన్నాడు. ఎందుకని అడగలేదు. విరిగిన ఒట్టుని ఇంక ఎవరికోసం దాచుకోను?

నాలుగు మధ్యాహ్నాలు కూర్చున్నాం. ఆయన జ్ఞాపకంలోంచి చెప్పేవాడు, ఈ ఏడు సెప్టెంబర్‌లో వాన పడింది, కాస్త పలచగా ఉండాలి చూడు, ఈ ఏడు చల్లగా ఉంది, పులుపు నాలుక పక్కల పట్టుకోవాలి చూడు అని. నేను నోట్లో పెట్టుకుని, ఆగి, ఉమ్మేదాన్ని. మొదటి రోజంతా నాకు అన్నీ మా నాన్నే. రెండోరోజు ఆయన కాస్త పక్కకి జరిగాడు. మూడోరోజు, పెద్దాయన చెప్పకముందే, ఇది వానపడిన ఏడాదిది అన్నాను. నిజమే. బయట యంత్రం చప్పుడు ఆగకుండా వస్తూనే ఉంది.

నాలుగోరోజు ఆఖర్న ఆయన ఈ ఏడాది ట్యాంకులోంచి తెచ్చిన గ్లాసు నా ముందు పెట్టాడు. "అబద్ధం చెప్పకు," అన్నాడు.

చాలాసేపు నోట్లో ఉంచుకున్నాను. ఇప్పుడు దాని వెనక పద్నాలుగేళ్ళు వరసగా నిలబడి ఉన్నాయి. ఎక్కడ తప్పిందో అంత స్పష్టంగా తెలుస్తుందని నేననుకోలేదు. తెలియకపోతే బాగుండుననిపించింది.

"తొందరపడ్డాం," అన్నాను.

"ఎంత?"

"ఒక్క పూట. మర్నాడు పొద్దున పోసుంటే సరిపోయేది."

"గట్టిగా చెప్తున్నావా?"

"గట్టిగానే."

ఆయన తల ఊపాడు. కిటికీ అవతల, వేళ్ళతో సహా లేపిన మోళ్ళని ఆఖరి వరసలోంచి కుప్పమీదకి నెడుతున్నారు. ఆయన అటు చూడలేదు, నా చేతిలో గ్లాసు వైపే చూస్తున్నాడు.

"నువ్వు చాలా మంచి టేస్టర్‌వి," అన్నాడు.